ఆట ఎవరిది?
లూషియస్ గ్విన్ జీవితం, ఐర్లండ్ మైదానాలు



మన ఊళ్లలో పండితుల పేరిట, కవుల పేరిట, నాయకుల పేరిట స్మారకోపన్యాసాలు జరుగుతుంటాయి. ఒక డ్రిల్లు మాస్టారి పేరిట జరిగేవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఈ సంప్రదాయాన్ని నిలబెడుతున్న నిర్వాహకులను ముందుగా అభినందిస్తున్నాను. ఆటలకు సంబంధించి ఏ విషయమైనా మాట్లాడవచ్చునని వారు నాకు స్వేచ్ఛ ఇచ్చారు. ఆ స్వేచ్ఛను వాడుకుని మిమ్మల్ని కాసేపు చాలా దూరం తీసుకువెళ్తున్నాను. ఐర్లండ్‌లో పుట్టి, క్రికెట్‌లోనూ రగ్బీలోనూ ఆ దేశం తరఫున ఆడి, ఇరవై తొమ్మిదేళ్లకే కన్నుమూసిన లూషియస్ హెన్రీ గ్విన్ గురించి, ఆయన చుట్టూ ఉన్న కాలం గురించి ఇవాళ మాట్లాడతాను.

నా వాదం ఇది. ఒక ఆట స్వదేశీయమా, పరాయిదా అన్నది ఆట నియమాల్లో రాసి ఉండదు. ఆ మైదానం చుట్టూ గోడ ఎవరు కట్టారు, గేటు దగ్గర ఎవరిని ఆపారు, ఎవరిని రానిచ్చారు అన్నదాన్ని బట్టి ఆ పేరు పడుతుంది. ఒకసారి పడిన పేరు పోవడానికి తరాలు పడుతుంది. ఐర్లండ్ చరిత్రలో ఇది కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదని నా అభిప్రాయం.

లూషియస్ గ్విన్ 1873 మే 25న ఐర్లండ్ ఉత్తరాన డోనెగల్ కౌంటీలోని రామెల్టన్‌లో పుట్టాడు. తండ్రి జాన్ గ్విన్ ప్రొటెస్టెంటు మతాచార్యుడు, సిరియాక్ భాషలో గట్టి పండితుడు. తరవాతి కాలంలో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో మతశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆ తండ్రిని చూస్తే ఇది ప్రభుత్వానికి విధేయమైన కుటుంబమని అనుకుంటాం. తల్లి వైపు కథ వేరు. తల్లి లూసీ, విలియం స్మిత్ ఓబ్రయన్ కూతురు. 1848లో టిప్పరరీ కౌంటీలోని బాలింగారీలో బ్రిటిష్ ప్రభుత్వం మీద తిరుగుబాటుకు నాయకత్వం వహించి, రాజద్రోహ నేరం కింద మరణశిక్ష పడి, ఆ శిక్షను ద్వీపాంతరవాసంగా మార్చగా ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియాకు చేరిన ఓబ్రయన్ ఈయనే. ఆయన విగ్రహం నేటికీ డబ్లిన్ నడివీధిలో ఉంది. క్షమాభిక్ష దొరికి స్వదేశం చేరిన కొన్నేళ్లకు, 1864లో చనిపోయాడు. అంటే రాజద్రోహిగా శిక్షపడిన మనిషి కూతురి ఇంట్లో, ఇంగ్లీషువాళ్ల ఆటగా ముద్రపడిన క్రికెట్ దినచర్యలాగా సాగింది. ఎనిమిదిమంది అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్న ఇల్లు అది. ఇంట్లోనే ముప్పాతిక జట్టు.

ఈ రెండు విషయాలూ ఒక ఇంట్లో ఎలా ఇమిడాయన్న అనుమానం మనకు రావచ్చు. ఆనాటి ఐర్లండ్‌వాళ్లకు వచ్చి ఉండదు. క్రికెట్ అక్కడ పాతుకుపోయిన ఆట. 1792లోనే డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో సైనికుల జట్టుకూ స్థానిక జట్టుకూ మ్యాచ్ జరిగింది. 1870ల నాటికి దొరల ఎస్టేట్లలోనే కాదు, పల్లెల్లో కౌలురైతులు, కూలీలు కూడా జట్లు కట్టి ఆడేవారు. ఇప్పుడు హర్లింగ్ అనే ఐరిష్ ఆటకు కంచుకోటగా పేరొందిన కిల్కెనీ కౌంటీలో ఆ రోజుల్లో డజన్లకొద్దీ క్రికెట్ జట్లుండేవి. ఐర్లండ్ స్వపరిపాలనోద్యమానికి తిరుగులేని నాయకుడైన పార్నెల్ మంచి క్రికెటర్. ఇంకా విచిత్రమేమిటంటే, ఐరిష్ ఆటల పునరుద్ధరణకు 1884లో థర్లెస్ పట్టణంలో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించిన మైకేల్ క్యూసాక్ స్వయంగా క్రికెట్, రగ్బీ ఆడినవాడు, అంతకు కొద్దికాలం ముందు దాకా క్రికెట్‌ను మెచ్చుకుంటూ రాసినవాడు. ఆ సంఘం పోషకుల్లో పార్నెల్ పేరు కూడా ఉంది. స్వదేశీ ఆటల సంఘాన్ని కట్టినవారికి క్రికెట్ బ్యాటు పట్టుకోవడం బాగా తెలుసు.

మరి గోడ ఎక్కడిది? దాన్ని చూడాలంటే ట్రినిటీ కాలేజీకి వెళ్లాలి. 1592లో మొదటి ఎలిజబెత్ రాణి శాసనంతో ఏర్పడిన విద్యాసంస్థ అది. దేశంలో నూటికి డెబ్బైమందికి పైగా కేథలిక్కులైనా, చాలాకాలం ఆ కాలేజీ వాళ్లది కాదు. ఫెలోషిప్పులకూ స్కాలర్‌షిప్పులకూ అడ్డుగా ఉన్న మతనిబంధనలను పూర్తిగా తొలగించింది 1873లో. లూషియస్ పుట్టిన ఏడాదే అది. ఇటు గోడ పడిపోతుండగా అటువైపు కేథలిక్ బిషప్పులు ఇంకో గోడ లేపారు. తమ మతస్థులు ఆ కాలేజీలో చేరకూడదన్న వారి కట్టడి 1970 దాకా సడలలేదు.

ఆ కాలేజీ ప్రాంగణం మధ్యలోనే క్రికెట్ మైదానం ఉంది. కాలేజ్ పార్క్ అంటారు. నగరం నడిబొడ్డున, ఒక పక్కన నాసో వీధి, మధ్యలో ఇనుపకమ్మీలు. వీధిలో నడిచిపోయేవాళ్లు కమ్మీలు పట్టుకుని నిలబడి లోపలి ఆట చూడవచ్చు. లోపల తెల్లదుస్తుల్లో విద్యార్థులు. బయట ట్రాముల కోసం ఎదురుచూసే గుమాస్తాలు, బండ్లవాళ్లు, పనికోసం ఊరు తిరిగేవాళ్లు. డబ్లిన్ పేదల అద్దెకొంపలు ఆనాడు ఐరోపాలోనే అధ్వాన్నమైనవాటిలో లెక్క. అవి అక్కడికి నడకదూరంలోనే ఉండేవి. ఆట అందరికీ కనిపించేది. ఆడేది కొందరే. లూషియస్ లోపలివాడు. దీన్ని దాచిపెట్టి ఆయన్ని పొగడటం నాకు ఇష్టం లేదు.

లోపలివాడైనా, అక్కడ ఆయన సాధించింది మాత్రం సొంత సామర్థ్యంతోనే. రగ్బీ సంగతి ముందు చెబుతాను. ట్రినిటీ రగ్బీ క్లబ్బు 1854 నాటిది. ప్రపంచంలోని అతి పురాతనమైన క్లబ్బుల్లో ఒకటి. ఆ క్లబ్బు నుంచి 1893లో స్కాట్లండ్ మీద ఆడే ఐర్లండ్ జట్టులోకి లూషియస్ వచ్చాడు. మొత్తం ఏడు అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడాడు. వాటిలో మూడు 1894వి. ఐర్లండ్ రగ్బీ చరిత్రలో ఆ మూడింటికీ ప్రత్యేక స్థానం ఉంది. అప్పటికి ఐర్లండ్ జట్టు అంటే ఊపిరి బిగబట్టి పరుగెత్తి, గుంపుగా మీదపడి, చివరకు ఓడిపోయే జట్టు. వేల్స్‌వాళ్లు కనిపెట్టిన కొత్త పద్ధతి, వెనక వరసలో ముగ్గురికి బదులు నలుగురు త్రీక్వార్టర్లను నిలబెట్టడం, అప్పుడే మిగతా దేశాలకు పాకుతోంది. ఐర్లండ్ కూడా ఆ ఏడాది దాన్ని అందుకుంది. ఫిబ్రవరిలో బ్లాక్‌హీత్‌లో ఇంగ్లండ్ మీద 7-5తో గెలిచారు. డబ్లిన్‌లో స్కాట్లండ్ మీద 5-0. మార్చిలో బెల్‌ఫాస్ట్‌లో వేల్స్ మీద 3-0. ఆ మూడు పాయింట్లూ ఒకే ఒక్క పెనాల్టీ కిక్‌తో వచ్చినవి. మూడు పొరుగుదేశాలనూ ఒకే సీజన్‌లో ఓడించడాన్ని ట్రిపుల్ క్రౌన్ అంటారు. ఐర్లండ్‌కు అదే మొదటిది. మూడు మ్యాచ్‌ల్లోనూ లూషియస్ వెనక వరసలో ఉన్నాడు.

ఇంగ్లండ్‌ను ఇంగ్లండ్ గడ్డ మీద ఇంగ్లండ్ ఆటలోనే ఓడించిన జట్టు అది. స్వపరిపాలన బిల్లును బ్రిటిష్ ప్రభువుల సభ తోసిపుచ్చి అప్పటికి ఆరు నెలలైనా కాలేదు. అయినా ఆ విజయాన్ని జాతీయోద్యమం తనదిగా చెప్పుకోలేదు. చెప్పుకుని ఉండవలసిందని నేను అనుకుంటాను.

క్రికెట్‌లో ఆయన పేరు ఇంకా దూరం వెళ్లింది. 1895లో డబ్లిన్ యూనివర్సిటీ జట్టు ఆడిన మ్యాచ్‌లకు ఫస్ట్‌క్లాస్ హోదా దక్కింది. ఆ జట్టు ఇంగ్లండ్ వెళ్లి ఆడినప్పుడు లూషియస్ బ్యాటింగ్ చూసి అక్కడివాళ్లు ఆశ్చర్యపోయారు. అదే వేసవిలో ఓవల్ మైదానంలో జెంటిల్‌మెన్, ప్లేయర్స్ జట్ల మధ్య జరిగే మ్యాచ్‌కు ఆయన్ని పిలిచారు. ఆ మ్యాచ్ గురించి రెండు మాటలు చెప్పాలి. జెంటిల్‌మెన్ అంటే డబ్బు తీసుకోకుండా ఆడే సంపన్నులు, ప్లేయర్స్ అంటే కూలికి ఆడేవాళ్లు. మైదానంలోకి రావడానికి వేరువేరు గేట్లు, బట్టలు మార్చుకోవడానికి వేరువేరు గదులు. స్కోరు కార్డు మీద కూడా తేడా: దొరల ఇనిషియల్స్ పేరుకు ముందు, కూలి ఆటగాళ్లవి పేరు తరవాత. 1962లో చివరి మ్యాచ్ ఆడి, ఆ పిమ్మట ఆ భేదాన్నే రద్దు చేసేదాకా ఇది నడిచింది. ఐర్లండ్‌లో మతం కట్టిన గోడకు ఇంగ్లండ్‌లో వర్గం కట్టిన గోడ తీసిపోయిందేమీ కాదు. కులాల వారీగా బంతి భోజనాలు చూసిన మనకు దీన్ని వివరించి చెప్పనక్కరలేదు.

ఇక 1896. ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండ్ వచ్చింది. మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టులో ఇంగ్లండ్ తరఫున ఆడమని లూషియస్‌కు కబురు వచ్చిందనీ, కాలేజీ పని వదిలి వెళ్లలేక ఆయన కాదన్నాడనీ ఐర్లండ్ క్రికెట్ రచయితలు చెప్పుకొస్తున్నారు. ఐర్లండ్‌కు అప్పట్లో టెస్టు జట్టు లేదు. ఎంత ఆట వచ్చినా టెస్టు ఆడాలంటే ఇంగ్లండ్ టోపీ పెట్టుకోవాల్సిందే. అంతకుముందు 1879లో మెల్‌బోర్న్‌లో డబ్లిన్ కుర్రాడు లీలండ్ హోన్ అలాగే ఆడాడు. డబ్లిన్‌లో పుట్టిన సర్ టిమొతీ ఓబ్రయన్ కూడా ఇంగ్లండ్‌కు ఆడి, తరవాత ఐర్లండ్‌కు నాయకత్వం వహించాడు.

ఆ మాంచెస్టర్ టెస్టులోనే మన దేశానికి సంబంధించిన పేరు ఒకటి ఉంది. జట్టును ఎంపిక చేసే అధికారం అప్పుడు ఏ మైదానంలో ఆట జరిగితే ఆ మైదానం కమిటీది. లార్డ్స్ టెస్టుకు ఎమ్‌సీసీ పెద్దలు రంజిత్‌సింహ్‌జీని తీసుకోలేదు. మాంచెస్టర్‌కు వచ్చేసరికి లాంకషైర్ కమిటీ తీసుకుంది. ఆయన మొదటి ఇన్నింగ్స్‌లో 62, రెండో ఇన్నింగ్స్‌లో 154 నాటౌట్. ఇంగ్లండ్ ఓడింది గాని రంజీ పేరు మాత్రం మారుమోగింది. నవానగర్ సంస్థానం మనిషి, డబ్లిన్ కాలేజీ మనిషి ఇద్దరూ ఇంగ్లండ్ జట్టులో చోటుకు తగినవారని ఒకే వేసవిలో అనుకున్నారంటే, ఇంగ్లండ్ అనే మాటకు ఆనాడు అర్థం ఎంత సాగేదో, ఎవరి చేతిలో సాగేదో ఆలోచించండి. సాగదీయడమూ, ముడుచుకోవడమూ కమిటీ గదిలో కూర్చున్న నలుగురైదుగురి ఇష్టం.

లూషియస్ ఆ తరవాత ట్రినిటీలోనే ఫెలో అయ్యాడు. ఆ కాలేజీ ఫెలోషిప్ పరీక్ష కఠినత్వానికి పేరుపడింది. ఒకవైపు ఆ చదువు, ఒకవైపు 1898 దాకా రగ్బీ. ఆ ఏడాదే ఇంటికి మొదటి దెబ్బ తగిలింది. ఐర్లండ్‌కు క్రికెట్, రగ్బీ రెండూ ఆడిన తమ్ముడు ఆర్థర్ సివిల్ సర్వీసులో చేరి బర్మా వెళ్లి అక్కడే చనిపోయాడు. తరవాత లూషియస్‌కే క్షయ వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఆ జబ్బు ఐర్లండ్‌లో ఏటా పన్నెండువేలమంది దాకా పొట్టన పెట్టుకునేది. మందు లేదు. పొడిగాలి, ఎండ, పాలు, విశ్రాంతి, ఇవే చికిత్స. స్తోమత ఉన్నవాళ్లు స్విట్జర్లండ్‌లోని దావోస్ పర్వతగ్రామానికి వెళ్లేవారు. మిగిలినవాళ్లు ఇంట్లో ఒకే గదిలో దగ్గుతూ మిగతావాళ్లకూ అంటించి పోయేవారు. లూషియస్ దావోస్ వెళ్లాడు. 1902 డిసెంబరు 23న అక్కడ చనిపోయాడు. ఇక్కడ గోడ కూడా ఏమీ చేయలేకపోయింది.

ఆయన పోవడంతో ఈ కథ ముగియలేదు. ఆయన తోబుట్టువుల జీవితాలు చూస్తే, మైదానంలో ఒక జట్టుగా ఉన్న ఇల్లు చరిత్రలో ఎన్ని వైపులకు చీలిందో తెలుస్తుంది. పెద్దన్న స్టీఫెన్ రచయిత, స్వపరిపాలన పక్షాన గాల్వే నుంచి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. యాభయ్యో పడిలో మొదటి ప్రపంచయుద్ధంలో సామాన్య సిపాయిగా చేరినవాడు. ఇంకో అన్న ఎడ్వర్డ్ ప్రాచీన ఐరిష్ భాషా పండితుడు. ఊర్ల పేర్ల వెనుక కథలు చెప్పే పాత ఐరిష్ పద్యాలను ఏళ్ల తరబడి పరిష్కరించి ప్రచురించాడు. 1927లో ట్రినిటీ అధిపతి అయ్యాడు. మరో అన్న చార్లెస్ సైన్యంలో మేజర్ జనరల్. సామ్రాజ్యంలో అల్లర్లను ఎలా అణచాలో వివరిస్తూ 1934లో ఆయన రాసిన పుస్తకంలో అమృత్‌సర్ ఉదంతం మీద, మలబారు మాపిళ్ల తిరుగుబాటు మీద అధ్యాయాలున్నాయి. ఇక తమ్ముడు రాబర్ట్ మతాచార్యుడు. 1913లో డబ్లిన్ యజమానులు కార్మికులను గేట్ల బయటికి నెట్టి నెలల తరబడి ఆకలితో మాడ్చినప్పుడు ఆయన కార్మికుల పక్షం వహించాడు. కార్మికుల రక్షణకు దళం పెట్టాలన్న ఆలోచన ట్రినిటీలో ఆయన గదిలో జరిగిన సమావేశంలోనే పొడసూపింది. ఆ దళమే ఐరిష్ సిటిజన్ ఆర్మీ. మూడేళ్లకు 1916 ఈస్టర్ తిరుగుబాటులో ఆయుధం పట్టింది.

సామ్రాజ్య సేనాని, సామ్రాజ్యం మీద తిరగబడిన దళానికి గది ఇచ్చిన ఫాదరు ఒకే తల్లి బిడ్డలు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బంతితో ఆడుకున్నవాళ్లు. క్రికెట్ ఆడినవాళ్లంతా సామ్రాజ్యవాదులన్న సిద్ధాంతానికి ఈ ఒక్క ఇల్లు చాలు జవాబు.

అయినా ఆ సిద్ధాంతమే గెలిచింది. గేలిక్ సంఘం తన సభ్యులు క్రికెట్, రగ్బీ, హాకీ, సాకర్ ఆడకూడదని, చూడకూడదని నిషేధం పెట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గట్టిపడిన ఆ నిషేధం 1971 దాకా నడిచింది. 1938లో, ఐరిష్ భాషోద్యమ పితామహుడూ దేశానికి మొదటి అధ్యక్షుడూ అయిన డగ్లస్ హైడ్ ఒక అంతర్జాతీయ సాకర్ మ్యాచ్‌కు అతిథిగా హాజరయ్యాడని, ఆయన్ని తమ పోషకుల జాబితా నుంచి తొలగించారు. దేశభాష కోసం జీవితం ధారపోసిన మనిషికి ఆ శిక్ష పడింది. నిషేధం పెట్టినవారి బాధ నాకు అర్థమవుతుంది. కమ్మీల బయట నిలబడి చూసిన వాళ్ల పిల్లలు వాళ్లు. తమను రానివ్వని మైదానం తమకు అక్కర్లేదని అన్నారు. కాని ఆ కోపానికి మూల్యం చెల్లించింది నాసో వీధి దొరలు కారు. కిల్కెనీ కౌలురైతులు చెల్లించారు. వాళ్ల ఊళ్లలో ఆట చచ్చిపోయింది. డబ్లిన్ క్లబ్బుల్లో బతికింది.

ఇదే కాలంలో మద్రాసులో ఇంకో జవాబు వచ్చింది, ఇచ్చింది తెలుగువాడు. దుబాసీల వంశానికి చెందిన బుచ్చిబాబు నాయుడు, తెల్లవాళ్ల క్రికెట్ క్లబ్బు పెవిలియన్‌లోకి భారతీయులను రానివ్వని రోజుల్లో, 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. ఆటను వెలివేయలేదు, తన మనుషులకు నేర్పి, వాళ్లతో తలపడదామన్నాడు. తెల్లవాళ్లకూ భారతీయులకూ మధ్య మ్యాచ్ ఖాయమై, అది జరగడానికి కొద్దిరోజుల ముందు 1908లో కన్నుమూశాడు. ఐర్లండ్‌లోనూ ఇలాంటి మనిషి ఒకడు పల్లెల్లో ఉండి ఉంటే కథ ఎలా ఉండేదో అని నాకు అనిపిస్తుంటుంది. బుచ్చిబాబు దగ్గర డబ్బుండేదని, కౌలురైతుకు అది లేదని మీరనవచ్చు. నిజమే.

చరిత్ర మెల్లగా తిరిగింది. రగ్బీలో, క్రికెట్‌లో 1921 దేశ విభజన తరవాత కూడా ఉత్తర, దక్షిణ ఐర్లండ్‌లు ఒకే జట్టుగా ఆడుతూ వచ్చాయి. 2007లో పాకిస్తాన్‌ను క్రికెట్ ప్రపంచకప్‌లో ఓడించారు. 2011లో మన బెంగళూరులోనే ఇంగ్లండ్ మీద 328 పరుగుల లక్ష్యాన్ని ఛేదించారు. కెవిన్ ఓబ్రయన్ ఏభై బంతుల్లో కొట్టిన సెంచరీ మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. 2017లో టెస్టు హోదా వచ్చింది. లూషియస్‌కు ఇంగ్లండ్ నుంచి కబురు వచ్చిందని చెప్పే వేసవికి 121 ఏళ్లు గడిచాక. ఆ రెండేళ్లకే డబ్లిన్‌లో పుట్టి పెరిగిన ఓయిన్ మోర్గాన్ నాయకత్వంలో ఇంగ్లండ్ ప్రపంచకప్ గెలిచింది. ఆ ఇంగ్లండ్ టోపీ దారి ఇంకా మూసుకుపోలేదన్నమాట.

చివరగా ఒక సంగతి. గ్విన్ సోదరుల్లో ఒకడైన జాన్ ట్యూడర్ గ్విన్ సివిల్ సర్వీసులో మన మద్రాసు ప్రెసిడెన్సీకే వచ్చాడు. ఉద్యోగం మానాక భారత రాజకీయాల మీద మాంచెస్టర్ గార్డియన్ పత్రికకు రాశాడు. ఆయన కొడుకు జాన్ పీటర్ లూషియస్ గ్విన్. తెలుగు చదువుకున్నవాళ్లకు జె.పి.ఎల్. గ్విన్ అంటే వెంటనే తెలుస్తుంది. ఐసీఎస్ అధికారిగా మద్రాసు రాష్ట్రంలో చేరి, స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఉండిపోయి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసిన మనిషి. భద్రిరాజు కృష్ణమూర్తి గారితో కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని, జె. వెంకటేశ్వరశాస్త్రి గారి సాయంతో 1991లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినవాడు. బ్రౌన్ దొర నిఘంటువుకు దాదాపు నూటనలభై ఏళ్ల తరవాత, పత్రికల్లోనూ నేటి రచనల్లోనూ ఉన్న తెలుగును చదివేవారికోసం చేసిన పని అది. ఆయన పేరులోని లూషియస్, తాను పుట్టకముందే దావోస్‌లో పోయిన పెదనాన్నదే అయివుంటుందని నా ఊహ.

గ్రంథాలయంలో ఆ నిఘంటువు తిరగేసేవాళ్లకు ఆ ఇంటి కథ తెలియదు. కలెక్టరేట్లలో, రెవెన్యూ దస్త్రాల్లో ఆయన గడిపిన ఏళ్ల గురించి, ఎవరి దగ్గర ఏ తెలుగు విన్నాడన్నదాని గురించి మన భాషలో సమగ్రమైన పరిశోధన జరగాలి. ఈ సభలో తెలుగు, చరిత్ర శాఖల అధ్యాపకులు ఉన్నారు. ఎవరైనా ఒక విద్యార్థికి ఈ పని అప్పగిస్తే బాగుంటుంది.